గార్డు ఉంటే చాలా? స్కూల్ కాల్పుల సన్నద్ధతపై ఒక పేపర్, రెండు గంటల గొడవ

టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో మన తెలుగువాళ్లు నడిపే ఒక చిన్న స్టూడియోలో ఆదివారం సాయంత్రం జరిగిన చర్చ ఇది. పబ్లిక్ పాలసీలో మాస్టర్స్ చేస్తున్న తెలుగమ్మాయి టెక్సాస్ స్కూళ్ల సన్నద్ధత మీద పరిశోధన పత్రం రాసింది. దాని సారాంశం రెండు పేజీలు వాట్సాప్ గ్రూపుల్లోకి పాకి, అందులోని ఒక్క వాక్యం మీద, "సాయుధ గార్డును పెట్టడం ఒక్కటే సన్నద్ధత కాదు" అన్నదాని మీద, వారం రోజులు రచ్చ నడిచింది. పేర్లు తీసేశాను. మధ్యలో కొంత వదిలేశాను గానీ మాటల్ని మాత్రం దిద్దలేదు. నాకూ రెండో క్లాసు చదివే కొడుకున్నాడు, అందుకే కూర్చుని టైప్ చేశాను.

మోడరేటర్: అందరికీ నమస్కారం. ఈ రోజు అందరికీ సమానంగా టైమ్ ఇస్తాను, ముందే చెప్తున్నా. నన్ను చాన్నాళ్లుగా తొలుస్తున్న ప్రశ్నతో మొదలుపెడతా. పిల్లల్ని ప్లేడేట్‌కి పంపేటప్పుడు పీనట్ అలర్జీ ఉందని చెప్తాం, ఇంట్లో కుక్క ఉందా అని అడుగుతాం. తుపాకీ ఉందా, ఉంటే తాళం వేసి పెట్టారా అని ఎందుకు అడగం?

తండ్రి: దానికి తర్వాత వద్దాం మేడమ్. ముందు ఆ వాక్యం సంగతి తేలాలి. నాకు ఇద్దరు పిల్లలు, ఒకరు ఐదు, ఒకరు ఎనిమిది. 2023లో టెక్సాస్ చట్టం చేసింది, ప్రతి క్యాంపస్‌లో ఒక సాయుధ అధికారి ఉండాలని. దానికి అప్పుడు ఇచ్చిందెంత? స్కూలుకి 15,000 డాలర్లు, పిల్లవాడికి 10 డాలర్లు. ఆ డబ్బుకి మనిషి దొరకలేదు. మనుషుల్లేరు, డబ్బుల్లేవు అని మినహాయింపు తీసుకునే వీలు కూడా అదే చట్టంలో ఉంది. ఇట్లాంటప్పుడు మన అమ్మాయే గార్డు అక్కర్లేదని రాస్తే...

విద్యార్థిని: అక్కర్లేదని రాయలేదు అంకుల్. "ఒక్కటే" అన్న మాట ఉంది అందులో.

తండ్రి: ఉంటుంది తల్లీ, కానీ స్కూల్ బోర్డు మీటింగులో ఆ మాట ఎవరు చదువుతారు? బడ్జెట్ కోయాలనుకునేవాడు మిగతా సగమే చదువుతాడు.

మోడరేటర్: పేపర్లో ఏముందో ఆ అమ్మాయినే చెప్పనిద్దాం.

విద్యార్థిని: టెక్సాస్‌లోనే ఉన్న ఉవాల్డే నుంచి మొదలుపెట్టాను. 2022 మే 24, రాబ్ ఎలిమెంటరీ స్కూల్లో కాల్పులు. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. ఆ స్కూల్ డిస్ట్రిక్ట్‌కి సొంత పోలీసు విభాగం ఉంది, రాసిపెట్టుకున్న ప్లాన్ ఉంది, ఫోన్లకి అలర్ట్ పంపే యాప్ ఉంది, తలుపులు ఎప్పుడూ తాళం వేసే ఉంచాలన్న రూలు ఉంది. కాగితం మీద చూస్తే అన్నింటికీ టిక్కే. టెక్సాస్ హౌస్ కమిటీ ఆ జూలైలో ఇచ్చిన రిపోర్టు చదివితే అసలు విషయం తెలుస్తుంది. కాల్పులు జరిగిన గదుల్లో ఒకటైన 111వ గది తలుపు తాళం సరిగ్గా పడదని స్కూల్లో చాలామందికి తెలుసు, బాగుచేయమని ఒక్కరూ వర్క్ ఆర్డర్ పెట్టలేదు. వైఫై సరిగ్గా లేక అలర్ట్ అందరికీ చేరలేదు. పైగా హైవే మీద పోలీసు ఛేజింగుల వల్ల అలర్ట్‌లు మాటిమాటికీ వచ్చి వచ్చి, ఇదీ అలాంటిదే అనుకున్నారు. అందుకే నా పేపర్లో ఏం కొన్నారన్నది కాకుండా కొన్నది ఆ రోజు పనిచేసిందా అన్నది కొలవాలన్నాను.

టీచర్: తాళంచెవుల గురించి నేను...

తండ్రి: ఒక్క నిమిషం మేడమ్. పోలీసులు గదిలోకి వెళ్లడానికి 77 నిమిషాలు! ఆ లెక్క చెప్పలేదే ఈ అమ్మాయి. 376 మంది పోలీసులు వచ్చారు, లోపల పిల్లలు 911కి ఫోన్ చేస్తున్నారు, వీళ్లు హాల్లో నిలబడ్డారు.

విద్యార్థిని: నేను చెప్పేదీ అదే కదా అంకుల్, 376 మంది దగ్గరా తుపాకులున్నాయి.

తండ్రి: ఉన్నాయి, లోపలికి వెళ్లలేదు! అది మనుషుల తప్పు. 2023 మార్చిలో నాష్‌విల్ స్కూల్లో జరిగిన కాల్పులు చూడండి. మొదటి ఫోన్ వచ్చిన 14 నిమిషాల్లో పోలీసులు లోపలికెళ్లి పని ముగించారు. ట్రైనింగ్ ఉన్నవాడు తలుపు దగ్గర ఉంటే...

విద్యార్థిని: అక్కడ అద్దం తలుపుని కాల్చి లోపలికొచ్చారు. ఆ 14 నిమిషాల్లోపే ఆరుగురు పోయారు, అందులో ముగ్గురు తొమ్మిదేళ్ల పిల్లలు.

తండ్రి: అందుకే లోపలే గార్డు ఉండాలంటున్నా!

[ఇక్కడ ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. ఆమె గొంతులో "పార్క్‌లాండ్" అన్న మాట (ఫ్లోరిడాలో 2018లో స్కూల్ కాల్పులు జరిగిన ఊరు), ఆ రోజు స్కూల్లోనే ఉన్న ఆఫీసర్ బయటే ఆగిపోయాడన్నది వినిపించాయి.]

మోడరేటర్: ఆగండి, ఆగండి. గార్డుల మీద ఏదో అధ్యయనం ఉందన్నావు కదమ్మా.

విద్యార్థిని: 2021లో జామా నెట్‌వర్క్ ఓపెన్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 1980 నుంచి 2019 దాకా 133 ఘటనలు తీసుకున్నారు. సాయుధ గార్డు ఉన్న స్కూళ్లలో మరణాల రేటు 2.83 రెట్లు ఎక్కువ అని తేలింది. గార్డు వల్లే ఎక్కువ పోయారని దాని అర్థం కాదు, ఆ మాట కూడా నేను రాశాను. కానీ గార్డు ఉంటే ప్రాణనష్టం తగ్గిందనడానికి మాత్రం అందులో ఆధారం దొరకలేదు.

తండ్రి: జరిగినవే లెక్కపెట్టారు కదా? గార్డుని చూసి వెనక్కి తిరిగిపోయినవాడు ఏ లెక్కలో ఉన్నాడు? చెప్పు తల్లీ, ఎక్కడున్నాడు? నేను డేటా మీదే బతుకుతాను, పదహారేళ్లు. జరగనిది డేటాబేస్‌లో ఉండదు.

[ఈ ప్రశ్న గట్టిది. నేను విన్నంతలో ఆ రోజు ఆయన అడిగినవాటిలో ఇదే బలమైనది.]

విద్యార్థిని: నిజమే, అది ఆ అధ్యయనానికి ఉన్న లోటే. కాకపోతే ఆగిపోయిన వాటి మీద, అమెరికా అధ్యక్షుడికి భద్రత ఇచ్చే సీక్రెట్ సర్వీస్ 2021లో ఒక రిపోర్ట్ ఇచ్చింది. 67 పథకాలు అమలు కాకముందే బయటపడ్డాయి. చాలావాటిలో విషయం చెప్పింది తోటి పిల్లలే. ఫ్రెండ్ ఏదో అన్నాడు, ఏదో పోస్ట్ పెట్టాడు, వీళ్లు భయపడి పెద్దవాళ్లకి చెప్పారు. కౌన్సెలర్ దగ్గరికి వెళ్లడానికి పిల్లలు జంకని స్కూల్ కావాలి. మనం దాని బడ్జెట్ ఎప్పుడైనా అడిగామా?

మోడరేటర్: ఇంట్లో తుపాకుల లెక్క కూడా వాళ్లదే కదా?

విద్యార్థిని: అది 2019 రిపోర్ట్. 41 దాడులు చూశారు. తుపాకీ వాడినవాళ్లలో 76 శాతం మందికి అది అమ్మానాన్నల ఇంట్లోనో దగ్గరి బంధువుల ఇంట్లోనో దొరికింది.

మోడరేటర్: అదీ! నేను మొదట్నుంచీ అడుగుతున్నది అదే. మిషిగన్ ఆక్స్‌ఫర్డ్ స్కూల్ కాల్పుల కేసులో 2024లో కాల్చిన అబ్బాయి తల్లికీ తండ్రికీ చెరో పదేళ్ల నుంచి పదిహేనేళ్ల శిక్ష పడింది. మరి మనం మొహమాటపడి ఆ ఒక్క ప్రశ్న అడగకపోతే ఎట్లా? టీచర్ గారూ, మీరు అడుగుతారా?

టీచర్: అడగాలి. నేను కూడా అడగలేదు ఇన్నాళ్లూ. పక్కింటావిడ ఏమనుకుంటుందో అని. కానీ నేను తాళంచెవుల గురించి...

తండ్రి: ఉవాల్డే కుర్రాడు ఇంట్లోంచి తీసుకోలేదు మేడమ్. పద్దెనిమిది నిండగానే షాపులో కొనుక్కున్నాడు, చట్టప్రకారం. ప్లేడేట్ ప్రశ్న అక్కడేం చేస్తుంది?

మోడరేటర్: మరి కొనే వయసు 21 చేయమని ఉవాల్డే పిల్లల తల్లిదండ్రులు ఆస్టిన్‌లోని టెక్సాస్ చట్టసభ చుట్టూ తిరిగారు కదా, ఆ బిల్లు...

తండ్రి: పాస్ కాలేదు. కాదు కూడా, మనందరికీ తెలుసు. నేను మారేదాని గురించి మాట్లాడుతున్నా. ఆ చట్టం మారదు, గేటు దగ్గర మనిషిని పెట్టడం మన బోర్డు చేతిలో ఉంది. 2023లో ఆలెన్ మాల్‌లో ఎనిమిది మంది పోయారు, అందులో మన తెలుగమ్మాయి ఒకరు. ఆ శనివారం మేం కూడా అక్కడికి బయల్దేరాల్సినవాళ్లం, చిన్నోడికి జ్వరమొచ్చి ఆగాం. అప్పట్నుంచీ నాకు ఏ స్టాటిస్టిక్స్ చెప్పినా ఎక్కదు.

[కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత ఐదారు నిమిషాలు మాల్స్, సినిమా హాళ్లు, ఇండియాకి వెళ్లిపోవడం, అక్కడి బస్సుల సంగతి మీద నడిచింది. అది వదిలేస్తున్నా.]

మోడరేటర్: టీచర్ గారికి అవకాశం ఇద్దాం. పదకొండేళ్లుగా ఎలిమెంటరీ స్కూల్లో ఉన్నారు.

టీచర్: ఒక డ్రిల్ సంగతి చెప్తా. మా క్లాసులో ఒక పాప, తెనాలి నుంచి వచ్చి మూడు వారాలు. ఇంగ్లీషు అస్సలు రాదు. మైకులో "లాక్‌డౌన్, లాక్‌డౌన్" అన్నారు. లైట్లు ఆపేశాం, పిల్లలందరూ తలుపు కనబడని మూలకి వెళ్లి గోడకి ఆనుకుని కూర్చున్నారు. మా క్లాసులో నేలమీద నీలం టేపు అంటించి ఉంటుంది, ఆ గీత దాటి కాలు బయటికి రాకూడదు. ఈ పాప మధ్యలోనే నిలబడిపోయింది. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి ఒళ్లో కూర్చోబెట్టుకున్నా. మాట్లాడకూడదు కదా. నా చెవిలో అడిగింది, "టీచర్, దొంగలొచ్చారా?" అని. నాకు తెలుగు వచ్చు కాబట్టి అర్థమైంది. నేను ఆ రోజు సెలవు పెట్టి ఉంటే? ఇది ఏ పేపర్లో ఉంది?

విద్యార్థిని: నా దాంట్లో లేదు. ఉండాలి. కొత్తగా వచ్చిన పిల్లలకి డ్రిల్ వాళ్ల భాషలో ముందే చెప్పడం... రాసుకుంటున్నా మేడమ్.

టీచర్: రెండోది తాళం. సబ్‌స్టిట్యూట్ టీచర్ వస్తుంది, ఆవిడకి తాళంచెవి ఇవ్వరు, సరిపడా ఉండవు. అందుకని తలుపు పడకుండా ఏదో ఒకటి అడ్డం పెడతారు. ఉవాల్డేలోనూ ఇదే కదా?

విద్యార్థిని: అవును, అక్కడా చెవులు తక్కువే. తలుపులకి అయస్కాంతాలు, అడ్డుచెక్కలు పెట్టేవాళ్లని రిపోర్టులో ఉంది.

టీచర్: ఒక తాళంచెవి ఎంతవుతుందండీ? నేను ఎన్నిసార్లు...

తండ్రి: మేడమ్, నేను ఒప్పుకుంటా, చెవి కావాలి. చెవి ఉన్నా తలుపు అవతల వాడున్నప్పుడు ఎవరో ఒకరు ఎదురెళ్లాలి. ఆ డ్రిల్స్ మీద కూడా పేపర్లో ఏదో ఉంది, పిల్లలకి డిప్రెషన్ అని. అది రాసినవాళ్లు ఎవరు? తుపాకుల నియంత్రణ కోరే సంస్థ డబ్బు పెట్టింది దానికి.

విద్యార్థిని: ఎవ్రీటౌన్, జార్జియా టెక్ కలిసి చేశారు. 114 స్కూళ్ల చుట్టుపక్కల సోషల్ మీడియా పోస్టులు చూస్తే, డ్రిల్ తర్వాత డిప్రెషన్ సూచనలు 39 శాతం, స్ట్రెస్, ఆందోళన 42 శాతం పెరిగాయి. ఎవరు చేయించారో నేను మొదటి వాక్యంలోనే రాశాను అంకుల్. అసలు ఇంత తక్కువ పరిశోధన ఎందుకుందో కూడా చూడాలి. తుపాకుల నియంత్రణని ప్రోత్సహించడానికి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ డబ్బు వాడకూడదని 1996లో డిక్కీ సవరణ వచ్చాక, ఆ సంస్థ ఈ విషయం ముట్టుకోవడానికే భయపడింది. మళ్లీ దీనికని అమెరికా కాంగ్రెస్ 2.5 కోట్ల డాలర్లు కేటాయించింది 2019 చివర్లో, అదీ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్‌తో కలిపి. ఇరవై ఏళ్లకి పైగా ఖాళీ. ఆ ఖాళీలో నిలబడి రాస్తున్నాం మేం.

తండ్రి: ఖాళీ ఉందని నువ్వే అంటున్నావు. తెలియనప్పుడు జాగ్రత్త వైపే ఉండాలి కదా? గార్డు వైపే ఉండాలి.

విద్యార్థిని: జార్జియాలో అపలాచీ హైస్కూల్ కాల్పులు, 2024 సెప్టెంబర్. టీచర్ల మెడలో ప్యానిక్ బటన్ బ్యాడ్జీలున్నాయి, నొక్కారు. రిసోర్స్ ఆఫీసర్లు, అంటే స్కూలు పోలీసులు, అక్కడే ఉన్నారు, త్వరగానే ఎదుర్కొన్నారు. అవన్నీ పనిచేశాయి, ఇంకా ఎక్కువ ప్రాణాలు పోకుండా ఆపాయి, కాదనను. అయినా నలుగురు పోయారు. కాల్పుల నిందితుడు, ఆ పద్నాలుగేళ్ల అబ్బాయి ఇంటికి అంతకుముందు ఏడాదే పోలీసులు వెళ్లి మాట్లాడి వచ్చారు.

మోడరేటర్: తుపాకీ ఇంట్లోదే! తండ్రి మీద కేసు పెట్టారు. చూశారా, మళ్లీ నా ప్రశ్నకే...

తండ్రి: ఎక్కువ ప్రాణాలు పోకుండా ఆపాయి అని ఆ అమ్మాయే ఒప్పుకుంది. రాసుకోండి మేడమ్. నేనిక్కడికి వచ్చింది అందుకే. మూడు వందల మంది తల్లిదండ్రులం పిటిషన్ మీద సంతకాలు పెట్టాం, ఎలిమెంటరీ స్కూళ్లలో ఫుల్ టైమ్ ఆఫీసర్ కావాలని, ఒకరు సెలవు పెడితే రెండో మనిషి ఉండాలని. చూస్తున్న ప్రతి ఒక్కరూ...

టీచర్: అందులో తాళంచెవుల లైను ఒకటి చేర్చండి.

తండ్రి: చూద్దాం మేడమ్. ఎక్కువ అడిగితే ఏదీ రాదు.

విద్యార్థిని: కౌన్సెలర్లు కూడా అంకుల్. టెక్సాస్ ఇచ్చే సేఫ్టీ డబ్బుతో మానసిక ఆరోగ్య సిబ్బందినీ పెట్టుకోవచ్చు, చట్టంలోనే ఉంది.

తండ్రి: ఉన్న డబ్బు ఒకటే తల్లీ. దాన్ని ముక్కలు చేస్తే గేటు ఖాళీ.

మోడరేటర్: టైమ్ అయిపోయింది. పిటిషన్ లింక్ వీడియో కింద పెడతాం, పేపర్ కూడా... పేపర్ ఎన్ని పేజీలమ్మా?

విద్యార్థిని: 38.

మోడరేటర్: పిటిషన్ ముందు పెడతాం, అది ఒక పేజీయే కదా. చివరిగా ఒక్కసారి అడుగుతా, అవును కాదు చెప్పండి చాలు. వచ్చే శనివారం మీ పిల్లవాడు ఫ్రెండ్ ఇంటికి వెళ్తున్నాడు. ఫోన్ చేసి అడుగుతారా?

విద్యార్థిని: నాకు పిల్లల్లేరు మేడమ్, కానీ అడగాలి.

టీచర్: ఈసారి అడుగుతా.

తండ్రి: మా పెద్దోడు శనివారం నిజంగానే వెళ్తున్నాడు. వాళ్లు చాలా మంచివాళ్లు మేడమ్, వాళ్లని పట్టుకుని అట్లా ఎలా అడుగుతాం... చూద్దాం. కానీ పిటిషన్ గడువు శుక్రవారమే, అందుకని చూస్తున్నవాళ్లకి ఇంకొక్క మాట...