ముందు పెల్లెట్లు, తర్వాత మనిషి, ఆ తర్వాతే బాయిలర్

(నల్లగొండలో పత్తి రైతులు, హాస్టల్ నిర్వాహకుల సమావేశంలో ఒక రిటైర్డ్ బాయిలర్ అటెండెంట్ చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, రైతన్నలకు, హాస్టళ్ల నుంచి వచ్చిన మేడమ్‌లకు, సార్లకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలె గానీ టైము తక్కువుంది, మన్నించండి. నా ఉద్యోగమంతా మిర్యాలగూడ బాయిల్డ్ రైసు మిల్లుల బాయిలర్ ముందటనే గడిచింది. ఊక పోసి ఆవిరి తీసినోణ్ణి.

పెల్లెట్లంటే రంపంపొట్టు, పంట కట్టె అసొంటివి పొడి చేసి గట్టిగ ఒత్తిన చిన్న గుళికలు. అవి మండిచ్చే పెల్లెట్ బాయిలర్ ఎట్ల ఎంచుకోవాలె, ఎట్ల నడపాలె అని చెప్పమన్నరు. ఆస్ట్రియా, స్వీడన్, ఇటలీ దిక్కు మంచు కురిసే చోట ఇండ్లు వెచ్చగుండాలని దీన్ని పెట్టుకుంటరు. కింది గదిల బాయిలర్ ఉంటది. అండ్ల కాగిన నీళ్లు పైపుల నుంచి అన్ని గదులకు తిరుగుతయి. మనకు ఇల్లు కాచుకునే అక్కర లేదు. పిల్లల స్నానానికి నీళ్లు కావాలె, వంటకు ఆవిరి కావాలె. పని వేరు గానీ మండే తీరు అదే. తొట్టిల పెల్లెట్లు పోస్తే స్క్రూ తిరిగి కొద్దికొద్దిగ మంటలకు నెడతది, ఫ్యాను గాలి కొడతది.

ఇగ, కడుపుల ఉన్న మాట చెప్త. మన ఉమ్మడి జిల్లాలనే ఒక హాస్టల్ల ఇసొంటి బాయిలర్ పెట్టిన్రు. అమ్మెటోళ్లు వచ్చి మంచి రంపంపొట్టు పెల్లెట్లతోని నడిపి చూపిచ్చిన్రు. పొగ లేదు, మసి లేదు, నీళ్లు సలసల కాగినయి. అందరు చప్పట్లు కొట్టిన్రు. తర్వాత చవకగ వస్తున్నయని ఊక కలిపిన పెల్లెట్లు తెప్పిచ్చిన్రు. నడిపే పని వాచ్‌మన్‌కు చెప్పిన్రు. గేటు కాడ ఉండాలె, మోటరు వెయ్యాలె, దీన్ని గూడ చూడాలె. ఆయనకు ఒక్కనాడు నేర్పినోడు లేడు. బూడిద నిండి గాలి రంధ్రాలు మూసుకుపోయినయి. మంట నల్లబడ్డది. వానాకాలం రేకుల సందు నుంచి జల్లు కొట్టి తొట్టిల పెల్లెట్లు తడిసినయి. తడిస్తే ఉబ్బి పొట్టు అయితయి. స్క్రూ బిగుసుకున్నది, మోటరు కాలింది. "యంత్రం పనికిరాదు" అని కాయితం రాసి షెడ్డుల పడేసిన్రు. తిట్లు మాత్రం వాచ్‌మన్‌కు పడ్డయి. పిల్లలు మళ్ల జనవరి పొద్దుగాల చన్నీళ్లకే వచ్చిన్రు. నేను పోయి చూస్తే గ్రేటు మీద, అంటే మంట కింది ఇనుప జాలి మీద, అరచెయ్యంత క్లింకర్ పెచ్చు ఉన్నది, బూడిద కరిగి గడ్డకట్టింది, గాజు లెక్క గట్టిగ. సుత్తెతోని కొడితే గానీ రాలే. అది ఏ రోజుకారోజు ఊడదీస్తే నిమిషాల పని. ఎవ్వరు చెప్పలే ఆయనకు!

అందుకే చెప్తున్న, ముందు పెల్లెట్ చూడండి. ఇగో, రెండు సంచులు తెచ్చిన. ముందువరుస అక్కా, ఇది విరిచి చూడమ్మా. టక్కుమని విరిగింది కదా. ఈ రెండోది చూడు, వేళ్ల మధ్యనే పొడి అయితున్నది. గ్లాసుల నీళ్లు పోసి వేస్తే మంచిది మునుగుతది, తర్వాత ఉబ్బుతది. సంచి అడుగున పొడి ఎంతున్నదో చూడకుండ పైసలు ఇయ్యొద్దు. తేమ నూటికి పది కన్న తక్కువుండాలె. యూరప్‌ల ఇండ్లకు వాడే మేలురకం కట్టె పెల్లెట్లు 6 లేదా 8 మిల్లీమీటర్ల మందం ఉంటయి, బూడిద 0.7 శాతం దాటొద్దని వాళ్ల నియమం. మన ఊకల బూడిద ఇంచుమించు 20 శాతం, అండ్ల ఎక్కువ భాగం సిలికానే, ఇసుకల ఉండే పదార్థమే. అది స్క్రూను గీకి అరగదీస్తది. ఇళ్లకు చేసిన చిన్న బాయిలర్ల ఊక పెల్లెట్ పోస్తే ఏమైతదో ఆ హాస్టల్ చూపిచ్చింది. ఊకకు మిల్లు బాయిలర్ వేరే ఉన్నది, దాని గ్రేటు వేరు, బూడిద తీసే దారి వేరు.

మన పత్తి కట్టె మధ్యల ఉంటది. దాని బూడిద మామూలు కట్టె కన్న ఎక్కువ, ఊక కన్న మస్తు తక్కువ. కానీ పొటాష్ ఉంటది, మంట ఎక్కువైతే బూడిద కరిగి గడ్డకడతది. వేరుకు మట్టి అంటితే ఇంకా చేటు. రైతన్నలారా, చేన్ల కుప్పవోసి అగ్గి పెట్టకండి. గులాబీ పురుగు ఆ కట్టెకున్న ఎండుకాయలల్లనే దాగుంటది, ఏరినంక వెంటనే పీకి చేను బయటికి తెస్తే రెండు లాభాలు. మట్టి దులిపి, ఎండబెట్టి పెల్లెట్లు చేసెటోళ్లకు ఇయ్యండి. మంట మండే గదిల కదిలే గ్రేటు, తనంతట తాను బూడిద దులిపే ఏర్పాటు ఉన్న బాయిలరే దీనికి పనికొస్తది.

సైజు సంగతి. పెద్దది కొంటే మేలనుకుంటరు. 1,000 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 60కి తేవాలంటే 35,000 కిలోకాలరీలు కావాలె. మంచి పెల్లెట్ కిలోకు సుమారు 4,000, అండ్ల ఐదోవంతు పొగగొట్టంల పోయినా 11 కిలోలు చాలు. రెండు గంటలల్ల కాగాలంటే 20 కిలోవాట్ల బాయిలర్. చన్నీళ్లు కలుపుకుంటే వందమంది పిల్లలకు తలా బకెట్ వస్తది. దీనికి నాలుగింతల యంత్రం అంటగడితే అది మండి ఆరి, మండి ఆరి మసి పడతది. దానికన్న ఆ పైసలతోని మంచి నీళ్ల ట్యాంకు కట్టుకోండి.

మన బోరునీళ్లు నేరుగ బాయిలర్‌ల పోయకండి. గట్టినీళ్లకు లోపల సున్నం పేరుకుంటది, వేడి దిగదు, ఇనుము కాలుతది. బాయిలర్ నీళ్లు బాయిలర్‌లనే తిరగాలె, స్నానపు నీళ్లు వాటితోని కలవకుండ, ఆ వేడి పైపు పక్కనుంచి వేడెక్కాలె. బాయిలర్‌లకు తిరిగొచ్చే నీళ్లు 55 డిగ్రీల కన్న చల్లబడితే లోపల చెమ్మ పట్టి తుప్పొస్తది. కరెంటు పోతే మంట వెనుకకు పాకి తొట్టిదాకా రాకుండ ఆపే ఏర్పాటు ఉందా అని అడగండి, చూపిచ్చమనండి.

ఇంకొకటి, చెవిన పెట్టండి. పెల్లెట్లు మూసిన గదిల పెద్దమొత్తంల పెడితే కార్బన్ మోనాక్సైడ్ ఊరుతది. వాసన రాదు, రంగు లేదు. యూరప్‌ల నిల్వ గదులల్లకు దిగి చచ్చిపోయినోళ్లున్నరు. గాలాడే గది కావాలె, పిల్లలు పోకుండ తాళం కావాలె, మనిషి ఒక్కడే లోపలికి పోవద్దు.

ఆవిరి బాయిలరైతే సర్టిఫికెట్ ఉన్న అటెండెంట్ ఉండాలని చట్టమే అడుగుతది. వేడినీళ్ల బాయిలర్‌కు ఎవరూ అడగరు. ఆడనే మోసమైతున్నది! అధ్యక్షా, మీ చేతిల ఆ అంచనా కాయితం ఉన్నది కదా. యంత్రం ధర రాసిన్రు, షెడ్డు రాసిన్రు, పైపులు రాసిన్రు. మనిషి జీతం ఏది? పొద్దున బూడిద తీసేది, వారానికోసారి గొట్టాలు బ్రష్షు కొట్టేది ఎవరు? ఇయ్యాల ఈ మీటింగు లేవకముందే ఆ జీతం పద్దు రాయండి. మనిషిని దొరకబట్టండి, నేను పైస తీసుకోకుండ వచ్చి నేర్పిస్త.