ఇరవైసార్లు రాస్తే మాట వస్తుందా? చెన్నై స్టూడియోలో చర్చ

(వింటూ రాసుకున్నది. అందరూ ఒకేసారి అరిచిన చోట వినబడినంతే ఉంది.)

యాంకర్: నమస్కారం. వారం రోజులుగా చెన్నైలో మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ఫొటో. ఏడో క్లాసు పిల్లాడి తెలుగు నోట్సు. నలభై మాటలు, ఒక్కోటి అర్థంతో సహా ఇరవైసార్లు ఇంపోజిషన్. మాటలు నేర్పే పద్ధతి ఇదేనా? లేక అసలు దోషి సెల్‌ఫోనా? ఫొటో పెట్టిన అమ్మగారు ముందు.

తల్లి: ఫోన్ సంగతి కాదండీ. వాడు ఎలా రాశాడో చూడండి. పేజీ పొడుగునా 'ని' 'ని' 'ని' అని దించేశాడు, పక్కన 'ర్ల', ఆ పక్కన 'క్ష్యం'. ఇరవై నిర్లక్ష్యాలు తయారు. అంటే ఏంట్రా అంటే అశ్రద్ధ అన్నాడు. అశ్రద్ధ అంటే? నిర్లక్ష్యం అట.

మాస్టారు: అమ్మా, పక్కన కూర్చుని రాయించాల్సింది మీరు! ముప్పై నాలుగేళ్లు పాఠం చెప్పినవాణ్ణి. మా నాన్నగారు తెల్లారి నాలుగింటికి లేపి అమరకోశం వల్లె వేయించేవారు. అప్పుడు అర్థం తెలియలేదు, నిజమే, నలభయ్యో ఏట తెలిసింది...

టీచర్: వీడికి పరీక్ష మార్చిలో అండీ.

మాస్టారు: నన్ను పూర్తి చెయ్యనివ్వండి!

యాంకర్: అప్పుడు సెల్‌ఫోన్ లేదు కదా మాస్టారూ, పాయింట్ అదే.

టీచర్: వల్లె వేయడం వద్దనట్లేదు, ఒకే రాత్రి ఇరవైసార్లు వద్దంటున్నా. ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ ఆయన తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లోనే చెప్పాడు, ఒక్కసారే కుక్కినదాని కంటే రోజుల మీద విడదీసి చదివిందే నిలుస్తుందని. పైగా చూసి రాస్తే చెయ్యి మాత్రమే పని చేస్తుంది. పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుంటేనే...

మాస్టారు: ఆయన మాత్రం ఏం చేశాడు? అర్థం లేని అక్షరాలు బట్టీ పట్టాడు! నేను చెప్పేదీ అదే! బట్టీ!

(నవ్వులు. టీచర్ జవాబు ఆ గోలలో మునిగిపోయింది.)

టీచర్: ...ఈ చెప్పుల పెట్టె చూడండి. లోపల అయిదు అరలు. మాట చెప్పగలిగితే చిట్టీ తర్వాతి అరలోకి, తప్పితే మళ్లీ మొదటి అరకి. మొదటి అర రోజూ చూస్తాం, చివరిది ఎప్పుడో ఒకసారి. లైట్నర్ అనే ఆయన 1972లో పుస్తకంలో పెట్టిన పద్ధతి. చిట్టీ మీద అర్థంతో పాటు పిల్లలు సొంతంగా రాసిన వాక్యం ఉండాలి. ఇదిగో, 'అవసరం'. మా క్లాసులో ఒకమ్మాయి 'నాన్న అవసరంగా ఆఫీసుకి పరిగెత్తాడు' అని రాసింది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. తమిళంలో అవసరమంటే తొందర! వందసార్లు ఇంపోజిషన్ ఇచ్చినా ఈ తప్పు నాకు దొరికేది కాదు.

తల్లి: మా వాడూ అంతే!

మాస్టారు: తమిళం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, 2006లో ఆ చట్టం వచ్చింది, ఒకటో తరగతి నుంచి మొదలెట్టి పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అన్నారు, అప్పట్నుంచే మన పిల్లల తెలుగు...

యాంకర్: అది ఇంకోరోజు పెట్టుకుందాం. సెల్‌ఫోన్...

తల్లి: సార్, ఆ రోజు రాత్రి పదకొండున్నర దాకా రాస్తూనే ఉన్నాడు. ఫోన్ ముట్టుకునే టైమ్ ఎక్కడిది?

యాంకర్: రైట్, రైట్.

మాస్టారు: బ్రౌన్ దొర చిట్టీలాట ఆడాడా? 1852లో ఇదే మద్రాసులో అంత నిఘంటువు అచ్చేయించాడు!

టీచర్: తెరిచి చూడండి, అందులో మాటల పక్కన వాడుక ఉదాహరణలు ఉంటాయి. నేను మొత్తుకునేదీ...

మాస్టారు: ఉదాహరణ ఎవరిక్కావాలమ్మా, ముందు నోరు తిరగాలి! నోరు!

(ఇక్కడి నుంచి దాదాపు మూడు నిమిషాలు ఆయనొక్కరే.)

యాంకర్: టైమ్ అయిపోయింది. మాస్టారు చెప్పినట్టు సాధన ఉండాలి, సెల్‌ఫోన్ పక్కన పెట్టాలి...

టీచర్: సెల్‌ఫోన్ అన్నది ఆయన కాదు, మీరండీ. పెట్టెలో ఇంకా నాలుగు అరలు...

యాంకర్: మాస్టారూ, ఫైనల్‌గా ఇరవై సెకన్లు.

(నిమిషంన్నర మాట్లాడారు. తెల్లారి నాలుగు, అమరకోశం మళ్లీ వచ్చాయి.)