పార్కింగ్ చలానా వచ్చింది: కట్టాలా, కాదనాలా?

(దృశ్యం: సాయంత్రం వేళ కోఠి. దుకాణాల ముందు వరసగా బైకులు.)

రాంగ్ పార్కింగ్ చలానా పడిందని ఫోనుకు సందేశం వచ్చింది. అందులోని లింకు మాత్రం నొక్కకండి, ఆ వేషంలో ఖాతాలు ఖాళీ చేసేవాళ్లున్నారు. నేరుగా తెలంగాణ పోలీసుల ఈ-చలానా వెబ్‌సైట్ తెరిచి బండి నంబరు ఇవ్వండి. అక్కడ ఫొటో ఉంటుంది. కట్టాలా వద్దా అన్నది తేల్చేది అదే.

(తెర మీద: చలానా ఫొటో, నంబరు ప్లేటు దగ్గరగా.)

ఫొటోలో ఉన్నది మీ బండేనా? నంబరుతో సరిపెట్టుకోకుండా రంగు, మోడల్ కూడా చూడండి. 3ను 8గా చదివి ఉండవచ్చు. అది మీ బండి కాకపోతే వంద రూపాయలే అయినా కట్టవద్దు. మీ నంబరు తగిలించుకుని ఇంకెవరో తిరుగుతుండవచ్చు. రేపు ఆ బండి ఎవరినైనా గుద్ది పారిపోతే పోలీసులు వచ్చేది మీ ఇంటికే. ఆర్‌సీ, మీ బండి ఫొటోలు జతచేసి ట్రాఫిక్ పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.

అమ్మేసిన బండి మీద పడిందా? అమ్మిన 14 రోజుల్లో రవాణా శాఖకు తెలిపి ఉంటే ఆ కాగితం చూపండి. లేదంటే కొన్నవారిని పట్టుకోవడమే.

(దృశ్యం: బస్టాపులో ఆగిన కారు, దాన్ని తప్పించుకుంటూ రోడ్డు మధ్యలో బస్సు ఎక్కుతున్న జనం.)

ఇక మన ఊళ్లో అందరూ చెప్పే మాట: "అక్కడ నో పార్కింగ్ బోర్డే లేదండీ!" మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ బోర్డు సంగతి అడగదు. ఇతరులకు ప్రమాదం, ఆటంకం, ఇబ్బంది కలిగేలా బండి వదిలారా అన్నదే చూస్తుంది. ఫుట్‌పాత్, జీబ్రా క్రాసింగ్, బస్టాపు, మలుపు, ఒకరి గేటు ముందు ఆపితే బోర్డు లేదన్న వాదన నిలవదు. "పక్కన ఇరవై బండ్లుంటే నాకే వేశారు" అన్నదీ అంతే. కడుపుమంట న్యాయమైనదే, వాదనే బలహీనం. కట్టేయండి.

ఎవరికీ అడ్డం కాని చోట, లేదా రుసుము తీసుకుని రసీదిచ్చిన పార్కింగ్‌లో ఆపి ఉంటే మాత్రం పోరాడవచ్చు. రోడ్డు వెడల్పు, చుట్టుపక్కల బోర్డులు తెలిసేలా వీలైనంత త్వరగా ఫొటోలు తీయండి. ఆలస్యం చేస్తే మీరు వెళ్లేసరికి అక్కడ కొత్త బోర్డు వెలిసినా వెలుస్తుంది!

ముందు కట్టేసి తర్వాత అడుగుదామనుకోవద్దు. కట్టడమంటే 200వ సెక్షన్ కింద రాజీపడటమే, కేసు అక్కడితో ముగుస్తుంది. రాయితీ కోసం కాచుకునేవాళ్లూ ఉన్నారు. బైకులకు 2022 మార్చిలో 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం తగ్గించారు, నిజమే. కానీ తప్పుడు చలానాను రాయితీతో కట్టడమంటే చేయని తప్పును చౌకగా ఒప్పుకోవడం.

ఫిర్యాదు ఇచ్చాక "రద్దు చేశాం" అన్న నోటిమాట చాలదు. పెండింగ్ జాబితాలోంచి పోయిందో లేదో మళ్లీ చూసుకోండి. పోయేవరకు ఆ రసీదు బండిలోనే ఉంచండి, తనిఖీలో ఆపితే చూపడానికి.