ఒకే వాచకం, వేర్వేరు తరగతులు: ఒక భాషోపాధ్యాయుని నమ్మకాలు

[దృశ్యం: కడప సమీపంలోని ఒక ఉన్నత పాఠశాల తరగతి గది. ఉపాధ్యాయుడు నల్లబల్ల పక్కన నిలబడి మాట్లాడతారు.]

నమస్కారం. ఒకే మండలంలో ఇద్దరు ఉపాధ్యాయులు ఎనిమిదో తరగతికి ఒకే ఇంగ్లీషు వాచకాన్ని బోధిస్తున్నారనుకుందాం. ఒకరు పాఠమంతా తామే చదివి, అర్థాలు, జవాబులు బోర్డుపై రాసిస్తారు. మరొకరు మొదటి పేరాను పిల్లలతోనే చదివించి, అందులో ఏం జరిగిందో వారినే చెప్పమంటారు. ఇద్దరూ పొందిన శిక్షణ ఒకటే అయినా, భాష మనిషికి ఎలా వస్తుందన్న విషయంలో వారి నమ్మకాలు వేరు.

ఈ నమ్మకాలు ఎక్కడివి? ఉపాధ్యాయుడు కావడానికి ముందే మనం విద్యార్థులుగా వేల గంటలు తరగతిలో కూర్చొని బోధనను గమనించి ఉంటామని, శిక్షణ కన్నా ఆ అనుభవమే మనలో బలంగా నిలుస్తుందని డాన్ లోర్టీ అనే అమెరికన్ సామాజికశాస్త్రవేత్త 1975లో వివరించారు. అందుకే ప్రతి భాషోపాధ్యాయుడూ తన నమ్మకాలను ఒకసారి బయటికి తీసి చూసుకోవాలని నేను గట్టిగా కోరుకుంటాను.

[తెరపై: కడప బస్టాండు, బస్సు వేళల పట్టిక]

నా మొదటి నమ్మకం: అవసరం ఉన్నచోటే భాష పెరుగుతుంది. 1979 నుంచి 1984 వరకు ఇంగ్లీషు బోధనా నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు నాయకత్వంలో బెంగళూరు, మద్రాసు తదితర ప్రాంతాల పాఠశాలల్లో ఒక ప్రయోగం జరిగింది. వ్యాకరణ సూత్రాలతో మొదలుపెట్టకుండా, పటాలు, వేళల పట్టికలు వంటివి ఇచ్చి, సమస్యలను ఇంగ్లీషులోనే పరిష్కరింపజేశారు. నేను ప్రొద్దుటూరు, రాయచోటి, బద్వేలు బస్సుల వేళలు రాసిచ్చి, పది గంటల పెళ్లికి ఏ బస్సు ఎక్కాలో ఇంగ్లీషులో తేల్చమంటాను. బస్సు తప్పిపోతుందన్న ఆత్రంలో పిల్లలు భయాన్ని మరిచిపోయి మాట్లాడతారు. మన కడపకు 1820లో ఉద్యోగిగా వచ్చిన సి.పి. బ్రౌన్ కూడా పెద్దవాడయ్యాకే తెలుగు నేర్చుకున్నాడు. జనంతో, పండితులతో నిత్యం తెలుగులో పని పడిన ఆయన చివరకు 1852లో నిఘంటువునే ప్రచురించగలిగాడు.

[దృశ్యం: ఒక అమ్మాయి లేచి మాట్లాడుతుంది]

ఇక తప్పులు దిద్దడం గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే పిల్లల నోరు మూయించేదీ, తెరిపించేదీ ఇదే. ఒక అమ్మాయి, “యెస్టర్‌డే ఐ గో టు ప్రొద్దుటూరు” అంటుంది. నేను, “ఓ, యు వెంట్ టు ప్రొద్దుటూరు?” అంటాను. ఆ అమ్మాయి సంతోషంగా, “యెస్ సార్!” అంటుంది. నేను మాటను సవరించాననుకుంటే, తాను చెప్పిన విషయాన్నే నేను మళ్లీ అడిగానని ఆమె అనుకుంది. కెనడాలోని ఫ్రెంచి మాధ్యమ తరగతుల్లో లిస్టర్, రాంటా అనే పరిశోధకులు జరిపి 1997లో ప్రచురించిన పరిశీలనలోనూ ఇదే కనిపించింది: ఉపాధ్యాయులు అన్నిటికన్నా ఎక్కువగా వాడిన పద్ధతి ఇలా సరిచేసి తిరిగి చెప్పడమే అయినా, దానికి పిల్లలు స్పందించి తమ మాటను సవరించుకున్న సందర్భాలు తక్కువ. అందుకని విషయం పూర్తిగా విన్న తరువాత, “యెస్టర్‌డే ఐ...” అని ఆగి, ఆమె ముఖం వైపు చూస్తాను. సరైన రూపం ఆమె నోటి నుంచే వస్తే, అది ఆమె సొంతమవుతుంది. అయితే మాట మధ్యలో మాత్రం ఎన్నడూ ఆపను; చెప్పదలచిన సంగతి కన్నా క్రియారూపం ముఖ్యమని పిల్లలకు అనిపిస్తే వారు మళ్లీ చెయ్యెత్తరు.

పదాలను ఒక్కరోజే ఇరవైసార్లు రాయించడం కన్నా, రోజుల ఎడంతో మళ్లీ మళ్లీ గుర్తు చేయించడం మేలని కూడా నమ్ముతాను.

[తెరపై: జట్లుగా కూర్చున్న పిల్లలు]

కడప పిల్లల్లో ఎందరో ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడతారు. ఇంగ్లీషు పిరియడ్‌లో ఆ రెండింటినీ నిషేధించడం సరికాదు. మొదటి భాషలో అలవడిన ఆలోచనాశక్తి, చదివే నేర్పు రెండో భాషకూ ఆధారమవుతాయని జిమ్ కమిన్స్ అనే భాషావిద్యా పరిశోధకుడు 1979లోనే వాదించారు. అందుకే జట్టులో చర్చ ఉర్దూలోనైనా, మన సీమ తెలుగులోనైనా సాగనిస్తాను. జవాబు మాత్రం ఇంగ్లీషులో అడుగుతాను. ఇంటి మాటను ఎగతాళి చేసిన తరగతిలో ఏ కొత్త భాషా నిలవదని నా దృఢమైన అభిప్రాయం.

ఈ నమ్మకాలు మీవి కావాలని నేను అనను. 1990లో ప్రభు రాసిన ఒక వ్యాసం కూడా అందరికీ ఉత్తమమైన పద్ధతి ఒకటుందన్న ఆలోచననే ప్రశ్నించింది. బోధనలో ఏది ఎందుకు పనిచేస్తుందన్న ఉపాధ్యాయుని సజీవమైన అవగాహనకే ప్రాధాన్యమిచ్చింది. కనుక ఈ వారం మీ పాఠాల్లో ఒకదాన్ని ఫోనులో రికార్డు చేసి వినండి. మీరు ఎంతసేపు మాట్లాడారు, పిల్లలు ఎంతసేపు మాట్లాడారు, మీరు దిద్దిన తరువాత ఎవరైనా తమ వాక్యాన్ని తామే మార్చుకున్నారా అన్నది రాసుకోండి.