బోరు నీళ్ళలో పసుపు రంగు

శ్రోతలందరికీ నమస్కారం.

పొదిలి దాటి కనిగిరి వైపు వెళ్ళినవాళ్ళకు గారపళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. నవ్వబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్లలు, నడుము పట్టేసి వంగలేని పెద్దవాళ్ళు. బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ చేసిన పని అది. రంగుకో వాసనకో దొరకదు, కాచినా పోదు. పైగా ఒక బోరులో ఎక్కువ ఉంటే పక్క వీధి బోరులో తక్కువ ఉండొచ్చు. ఏ బోరుకు ఆ బోరు పరీక్ష చేసుకోవాల్సిందే.

2020లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు ఇందుకోసం ఒక పద్ధతి ప్రకటించారు. కొన్ని బాక్టీరియాల్లో ఫ్లోరైడ్‌ను పసిగట్టి, పక్కనున్న జన్యువును పని చేయించే ఒక ఆర్‌ఎన్‌ఏ స్విచ్ ఉంటుంది. దాన్ని రంగు పుట్టించే జన్యువుకు జోడించారు. ఆ డీఎన్‌ఏను, కణాలను పగలగొట్టి తీసిన రసాన్ని కలిపి చిన్న గొట్టంలో ఎండబెట్టారు. అందులో బతికున్న సూక్ష్మజీవి ఏదీ లేదు, కాబట్టి బయటికి పాకుతుందన్న భయం అక్కర్లేదు. నీళ్ళు తగలగానే ఆ రసం మళ్ళీ పనిలోకి దిగుతుంది. ఫ్లోరైడ్ ఉంటే పసుపు రంగు వస్తుంది. కోస్టారికాలో నీటి వనరు దగ్గరికే తీసుకెళ్ళి పరీక్షించారు కూడా. ఇలా జీవకణాల్లోని భాగాలను మన అవసరానికి కూర్చుకోవడమే సింథటిక్ బయాలజీ.

ఇక్కడ ఒక చిక్కుంది. ఆ పరీక్ష లీటరుకు 2 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుంది, అది అమెరికా లెక్క. మన దేశ ప్రమాణం 1 మిల్లీగ్రామే. వేరే నీళ్ళు దొరకనిచోట 1.5 వరకు ఒప్పుకుంటారు. అంటే 1.8 ఉన్న మన బోరు నీళ్ళను ఆ గొట్టం మంచివే అనుకునే ప్రమాదం ఉంది. దాన్ని మన కొలతకు సరిచేసుకోవాలి. తయారీ గుట్టు ఒక కంపెనీ బీరువాలో ఉంటే ఆ కంపెనీకి కనిగిరి గుర్తొచ్చేదాకా కూర్చోవాలి. బయట పెట్టి ఉంటే మనమే చేసుకోవచ్చు. ఓపెన్ సోర్స్ అన్న మాటకు నాకు తెలిసిన అర్థం ఇదే. పూర్వం నెల్లూరు మొలకొలుకుల రైతు పక్క రైతుకు విత్తనం ఇచ్చినట్టు.

ఇది గాలిలో మేడ కాదు. 2004లో మొదలైన ఆడ్‌జీన్ అనే లాభాపేక్ష లేని సంస్థ పరిశోధకులు ఇచ్చిన డీఎన్‌ఏ ముక్కలను దాచి, అడిగిన ల్యాబులకు పంపుతోంది. 2006లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో యూనివర్సిటీ విద్యార్థులు తాగునీటిలో ఆర్సెనిక్ అనే విషాన్ని పసిగట్టే బాక్టీరియా తయారుచేసి, ఆ భాగాలను అందరికీ తెరిచిన ఖజానాలో పెట్టారు. వాళ్ళు డిగ్రీ పిల్లలే.

ఒంగోలులో, నెల్లూరులో బయోటెక్నాలజీ చదివే పిల్లలు మనకూ ఉన్నారు. కాలేజీలో బయోసేఫ్టీ కమిటీ అనుమతి, రసాన్ని ఎండబెట్టే యంత్రం, ఓపికున్న లెక్చరర్ ఒకరు కావాలి. నీళ్ళ కోసం వెతకనక్కర్లేదు. పొదిలి బస్సు దిగే విద్యార్థి తన ఇంటి బోరు నీళ్ళు ఒక సీసాలో తెస్తే సరిపోతుంది.

సెలవు.