మైక్ గుర్తు దగ్గర మన తెలుగు

(తెలుగు భాషా దినోత్సవం నాడు పర్లాకిమిడిలో ఒక ఫోన్ల షాపు యజమాని చేసిన ప్రసంగం)

పెద్దలందరికీ నమస్కారం. భాష గురించి మాట్లాడమని పిలిచారు గానీ నేను పండితుణ్ని కాను. బస్టాండ్ దగ్గర ఫోన్ల షాపు నాది. కౌంటర్ మీదికొచ్చే ఫోన్లలో మన తెలుగు ఎలా ఉంటోందో మాత్రం చెప్పగలను.

మన సంగతి మీకు తెలిసిందే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడితే మన ఊరు ఇటు పడింది, మహేంద్రతనయ ఏరు దాటితే వచ్చే పాతపట్నం అటు, ఇప్పటి ఆంధ్ర వైపు, ఉండిపోయింది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. నేను తెలుగు అక్షరాలు ముప్పై దాటాక సినిమా పోస్టర్లు చూసి నేర్చుకున్నాను. ఒత్తులు కనిపిస్తే ఇప్పటికీ కాస్త టెన్షనే. అందుకే ఫేస్‌బుక్ మంచిదా, వాట్సాప్ మంచిదా అని ఎవరడిగినా నేను చూసేది ఒకటే. మాట్లాడటం వచ్చి, రాయడం రాని మనిషికి అందులో చోటుందా?

ట్విట్టర్‌లో లేదు. ఇప్పుడు దాని పేరు ఎక్స్. 2006లో అది ఎస్సెమ్మెస్‌ని నమ్ముకుని పుట్టింది. ఎస్సెమ్మెస్‌కి 160 అక్షరాలు, అందులో 20 పేరుకి వదిలి 140 మాటకి ఇచ్చారు. 2017లో 280 చేశారు. అదంతా ఇంగ్లీషు లెక్క. మనం ‘స్త్రీ’ అని ఒక్క అక్షరం రాస్తాం కదా, ఫోన్ లోపల అది ఆరు. స, పొల్లు, త, మళ్లీ పొల్లు, ర, గుడిదీర్ఘం. ఆరింటినీ లెక్కేస్తారు! ఎక్స్ పెట్టించుకోవడానికి నా షాపుకొచ్చినవాళ్లు ఒక చేతి వేళ్లకి సరిపోతారు.

ఫేస్‌బుక్ 2004లో అమెరికాలో కాలేజీ కుర్రాళ్ల కోసం మొదలైంది. ఆ వాలకం ఇంకా పోలేదు. తెరవగానే పైన ఖాళీ డబ్బా పెట్టి, మనసులో ఏముందో రాయమంటుంది. ఒకసారి నేనూ రాశాను. కొత్త కవర్లు వచ్చాయని తెలుగులో, కష్టపడి, ఒత్తులు సరిచూసుకుని మరీ పెట్టాను. మూడు లైకులు. అందులో ఒకటి మా బావమరిదిది. మర్నాడు ఆ కవర్ల ఫొటో తీసి, పక్కన 99 అని ధర వేసి పెడితే సాయంత్రానికి నాలుగు ఫోన్లొచ్చాయి. అంకెలు అందరూ చదువుతారు.

రీల్స్ సంగతి వేరు. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ని నిషేధించారు, మరుసటి నెలే ఇన్‌స్టాగ్రామ్ ఇక్కడ రీల్స్ తెచ్చింది. చదవక్కర్లేదు, రాయక్కర్లేదు. కానీ దానికి అడుగు లేదు, ఎంత తోసినా ఇంకొకటి వస్తుంది. అక్కడ వినిపించే తెలుగు కూడా మనది కాదు. మా పక్కింటి పిల్ల వాళ్ల మామ్మతో “అలా అనకు, తెలుగోళ్లు నవ్వుతారు” అంది. మామ్మ ఎవరట మరి?

ఇక వాట్సాప్. ఒకావిడ కూతుర్ని పాతపట్నం ఇచ్చారు. అల్లుడు తెలుగులో మెసేజీ పెడతాడు, ఈవిడకి ఒడియా తప్ప చదవడం రాదు. ప్రతిసారీ ఫోన్ పట్టుకుని నా దగ్గరికే. “బాబూ, ఏం రాశాడో చూడు.” ఒకరోజు షాపు నిండా జనం ఉండగా నేను పైకి చదివేశాను. పెళ్లప్పుడు ఇస్తామన్న డబ్బు గురించి. సగంలో నాకే నోరు పడిపోయింది. ఆవిడ కొంగు సర్దుకుని, ఫోన్ తీసుకుని మాట్లాడకుండా వెళ్లిపోయింది.

రెండ్రోజులు పోయాక వచ్చినప్పుడు మైక్ గుర్తు చూపించాను. వాట్సాప్ దాన్ని 2013లో పెట్టింది. నొక్కి పట్టుకుని మాట్లాడి, వేలు తీస్తే వెళ్లిపోతుంది. ఎక్కువ చెప్పాలంటే వేలిని పైకి జరిపితే తాళం పడుతుంది, చెయ్యి ఖాళీ. ఇప్పుడావిడ కూర తరుగుతూ కూతురితో మాట్లాడుతుంది. అవతలివాళ్లు వింటే మైక్ గుర్తు నీలమవుతుందని కూడా కనిపెట్టేసింది. “విన్నాడు బాబూ, జవాబే లేదు” అని అల్లుడి మీద చాడీ చెప్పడానికి మాత్రం నా దగ్గరికి వస్తుంది.

అలాగని అన్నిటికీ గొంతే అంటే కుదరదు. మా ఇంట్లో పెళ్లికి నలభై మందితో గ్రూపు పెట్టాం. ముహూర్తం ఎన్ని గంటలకో ఎవరో వాయిస్‌లో చెప్పారు. ఎవరు, ఎప్పుడు చెప్పారో? రాసిందైతే వెతికితే దొరుకుతుంది, ఇది ఒక్కొక్కటీ నొక్కి వినాలి. మా ఆవిడ వేగం రెండింతలు పెట్టుకుని విన్నా దొరకలేదు. చివరికి ఒక కుర్రాడు 4:20 అని అంకెల్లో పెట్టాడు. మాట గొంతుతో, లెక్క అంకెలతో. మా గ్రూపులో ఇప్పుడు అదే రూలు.

ఇవాళ మనం తలుచుకుంటున్న గిడుగు రామమూర్తి గారు మన ఊళ్లో పంతులుగా పనిచేశారు. సవరల నోట విని సవర భాష నేర్చుకుని, దాన్ని తెలుగు లిపిలో రాశారు. ఆయన చేతిలో మైక్ గుర్తున్న ఫోనుంటే ఏం చేసేవారా అని షాపులో బేరం లేనప్పుడు అనుకుంటుంటాను. వినీ వినీ, ముందు మన ఉచ్చారణ దిద్దేవారేమో.

సభ అయ్యాక వెనక బల్ల దగ్గర కూర్చుంటాను. కీబోర్డులో తెలుగు, ఒడియా రెండూ కావాలన్నవాళ్లు ఫోన్లు పట్టుకుని రండి, డబ్బులేం వద్దు. పాస్‌వర్డ్ మాత్రం మీరే కొట్టుకోండి, నాకు చెప్పకండి. ఛార్జింగ్ ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, ఇక్కడ ప్లగ్గు ఒక్కటే ఉంది.