పట్టాలు పడ్డాయి, ఇక బళ్లు పెరగాలి

అందరికీ నమస్కారం.

సికింద్రాబాద్ నుంచి వాడి జంక్షన్‌కు నిజాం కాలంలో, 1874లో రైలు మార్గం వేశారు. ఈరోజు లింగంపల్లి లోకల్ పరుగెత్తేది ఆ దారిలోనే. 2003 ఆగస్టు 9న మొదలైన ఎంఎంటీఎస్, అంటే మన హైదరాబాద్ లోకల్ రైళ్ల కోసం ఊరి మధ్యలో వేరే దారి వెతకలేదు. ఉన్న లైన్ల పక్కనే స్టేషన్లు కట్టి, ఈఎంయూ బళ్లు, అంటే వేరే ఇంజిన్ అక్కర్లేని కరెంటు బళ్లు దించారు. ఈ బళ్లలో మోటార్లు బండి పొడవునా అక్కడక్కడా ఉంటాయి కాబట్టి ఆగిన చోట నుంచి చప్పున వేగం అందుకుంటాయి. రెండు, మూడు కిలోమీటర్లకో స్టేషన్ ఉండే ఊళ్లో అదే కావాలి.

ఎంఎంటీఎస్ రెండో దశలో జరిగిన పని చిన్నదేమీ కాదు. 2023 ఏప్రిల్‌లో లోకల్ బళ్లు మేడ్చల్, ఉందానగర్ దాకా వెళ్లాయి. 2024 మార్చిలో ఘట్‌కేసర్ - లింగంపల్లి బండి వచ్చింది. ఇది సికింద్రాబాద్ వైపే రాదు. మౌలాలి దగ్గర తిరిగి, నేరేడ్‌మెట్, సుచిత్ర మీదుగా సనత్‌నగర్‌లో తేలుతుంది. ఆ బైపాస్ మొన్నటిదాకా సింగిల్ లైన్. ఎదురుగా గూడ్స్ వస్తుంటే క్రాసింగ్ పడేది, ఏదో ఒక బండి ఆగాల్సిందే. ఇప్పుడది డబుల్ లైన్. నా దృష్టిలో రెండో దశ మొత్తంలో విలువైన పని ఇదే.

మరి జనం ఎందుకు ఎక్కడం లేదంటారా? బళ్లు తక్కువ, వచ్చినా టైముకు వస్తాయన్న నమ్మకం లేదు. ఎక్స్‌ప్రెస్, గూడ్స్, లోకల్ అన్నీ ఒకే పట్టాల మీద నడుస్తాయి. వెనక దూరప్రాంతపు బండి ఉంటే లోకల్‌ను ఔటర్‌లో, అంటే స్టేషన్ బయటి సిగ్నల్ దగ్గర ఆపేస్తారు. తొమ్మిదింటికి హైటెక్ సిటీలో ఉండాల్సిన అమ్మాయి తలుపు దగ్గర నిలబడి, పక్క లైన్లో ఎక్స్‌ప్రెస్ బోగీలు ఒక్కొక్కటే దాటిపోతుంటే చూస్తూ ఉంటుంది. ఆ టెన్షన్ రెండు రోజులు పడితే మూడో రోజు క్యాబ్ బుక్ చేసుకుంటుంది. ఆమెను తప్పుపట్టగలమా?

అందుకే 2025 జనవరిలో తెరిచిన చర్లపల్లి టెర్మినల్‌ను నేను లోకల్ ప్రయాణికుల కోణంలోనే చూస్తాను. దూరప్రాంతపు బళ్లు అక్కడ ఆగిపోయే కొద్దీ సికింద్రాబాద్‌లో ప్లాట్‌ఫాంలు ఖాళీ అవుతాయి. ఆ ఖాళీని మళ్లీ ఇంకో ఎక్స్‌ప్రెస్‌కు ఇచ్చేయకుండా లోకల్‌కు రాసిపెట్టాలి.

ముందు ఘట్‌కేసర్ - లింగంపల్లి మార్గంతో మొదలుపెట్టమంటాను. ఉదయం, సాయంత్రం ఆఫీసు వేళల్లో ఇరవై నిమిషాలకో బండి, గంట గంటకూ అవే నిమిషాల్లో నడవాలి. అప్పుడు టైంటేబుల్ జేబులో పెట్టుకోనక్కర్లేదు. నేరేడ్‌మెట్‌లో దిగినవాళ్లకు స్టేషన్ బయటే సిటీ బస్సు ఉండాలి. బేగంపేట, భరత్‌నగర్‌లలో మెట్రోకు నడిచే దారి మీద నీడ, రాత్రి వెలుతురు ఉండాలి. వీటికి కొత్త పట్టాలు అక్కర్లేదు. రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం, ఆర్టీసీ ఒక టేబుల్ ముందు కూర్చుంటే చాలు. ఆ సమావేశం ఈ ఏడాదే పెట్టమని ఈ వేదిక మీద నుంచి అడుగుతున్నాను.